కింది పట్టు

డాక్టరమ్మ వాగు దిగుతూ సైకిల్ మీంచి పడడానికి కారణం నేను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు "ఎండ బాగా ఉంది, అమ్మీకి తలనొప్పి" అని రాసి మూసేశాను. నా డైరీ ఎవరూ చదవరు. అయినా రాయలేకపోయాను.

మాది భద్రాచలంలో సైకిళ్ల దుకాణం. తాత పెట్టాడు, ఇప్పుడు మా అబ్బా, అంటే నాన్న, నడుపుతున్నాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ నడుమ ఒక గది. ఆ గదికి దుకాణం వైపు పరదా ఉంటుంది. వెనక సందులోకి ఒక చిన్న తలుపు, దాని పక్కన ఊచల కిటికీ. పైన రేకులు. మధ్యాహ్నమయ్యేసరికి రేకుల వేడికి టైర్ల వాసన, పంక్చర్ అంటించే సొల్యూషన్ వాసన కలిసి గొంతులో కూర్చుంటాయి. మూడేళ్లుగా పగలంతా నేను ఉండేది అక్కడే.

మూడేళ్ల కిందట అబ్బా చేతులు వణకడం మొదలైంది. ఒళ్లో పెట్టుకుంటే ఏమీ తెలియదు. ఏదైనా పట్టుకుని సన్నపని మొదలుపెడితే మాత్రం వేళ్లు ఆయన మాట వినవు. పంక్చర్ వేస్తాడు, చైను ఎక్కిస్తాడు, చక్రం విప్పి బిగిస్తాడు. బ్రేకు తీగ కొసను దాని గొట్టంలోకి దూర్చడం మాత్రం కాదు. మొదటిసారి నన్ను పిలిచినప్పుడు, "బేటా, జర గీ తీగ దూర్చి పెట్టు. కండ్లు కనబడ్తలేవు" అన్నాడు. నెల రోజుల దాకా నేను కూడా కళ్లే అనుకున్నాను. తర్వాత ఆయన చేతులు చూశాను. నేను చూడడం ఆయనా చూశాడు. ఆ సంగతి మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోలేదు.

అప్పటినుంచి ఎవరైనా ఖరీదైన బండి తెస్తే, "లోపల పెట్టి చేస్తా, బయట దుమ్ము పడ్తది" అని అబ్బా దాన్ని పరదా దాటించేవాడు. నేను చేసేదాన్ని. సాయంత్రం బండి బయటికి వెళ్లేది. "ఉస్తాద్ చెయ్యి పడ్డదంటే ఇంక చూసుడే లేదు" అని వాళ్లు అనడం నాకు వినపడేది. అబ్బా ఆ మాటకి నవ్వేవాడు కాదు. తల ఒకసారి ఊపి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయేవాడు. చేతిలో గుడ్డ ఉంటే వణుకు కనపడదు.

నన్నెవరూ కట్టిపడేయలేదని కూడా చెప్పాలి. నాకు మనుషులంటే బెరుకు. ఇంటర్‌లో హాజరు పిలిస్తే నా గొంతు సార్‌కి అందేది కాదు. బెంచీలో కూర్చుని ఉండి కూడా ఆబ్సెంట్ వేయించుకున్న రోజులున్నాయి. అందుకే మొదట్లో పరదా నాకు హాయిగానే అనిపించింది. ఇంట్లోనే ఉండి ఓపెన్ డిగ్రీ కట్టాను. పనికీ పనికీ మధ్య టైర్ల కుప్ప మీద కూర్చుని పుస్తకాలు చదువుకున్నాను. నన్ను చూసేవాళ్లు లేరు, నాతో మాట్లాడేవాళ్లు లేరు. బాగుందనుకున్నాను. అది ఏ రోజు నుంచి బాగోలేకుండా పోయిందో డైరీలన్నీ తిరగేసినా దొరకలేదు. పని నేర్చుకున్నకొద్దీ బయటికి రావడం కష్టమైపోయింది. నేను బయటికొస్తే అబ్బా చేతులు కూడా నాతోపాటే బయటికొస్తాయి.

డాక్టరమ్మ దుమ్ముగూడెం అవతల అడవిలో ఉన్న ఒక సర్కారు దవాఖానాలో పనిచేసేది. ఆమెను మొదట పరదా సందులోంచి చూశాను. పొట్టి మనిషి, ముప్పై దాటి ఉంటాయి, కాళ్లకి మగవాళ్ల బూట్లలాంటివి. లావు టైర్ల సైకిల్ తెచ్చింది. దాని హ్యాండిల్ తిన్నగా కర్రలా ఉంది. ఇంకో చేతిలో అట్టపెట్టె.

"గీ హ్యాండిల్ తీసేసి గిది పెట్టాలె ఉస్తాద్. లివర్లు, ఎనక గేరు అన్నీ దీనికి జతవే తెచ్చిన."

అబ్బా పెట్టెలోంచి కొత్త హ్యాండిల్ తీశాడు. రేసు సైకిళ్లకి ఉండే పొట్టేలు కొమ్ముల హ్యాండిలే. కానీ కొమ్ముల కింది భాగం నిటారుగా దిగకుండా రెండు పక్కలకీ విచ్చుకుని ఉంది.

"ఇదేంది మేడమ్, ఎవరో మీద కూసుంటే ఒంగినట్టున్నది?"

"కంపెనోడే గట్ల ఒంచిండు. నేనైతే కూసోలె."

అబ్బా నవ్వాడు. ఆమె చెప్పింది: వాగు అవతల ఒక కోయ గూడెం ఉంది, జీపు వాగు దాటదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లని చూడడానికి వారానికోసారి సైకిల్ మీద వెళ్తుంది. కంకర దారి. రెండు గంటలు తిన్నటి హ్యాండిల్ పట్టుకుంటే మణికట్లు గుంజుతున్నాయి. ఈ కొత్తదానికి చేతులు పెట్టుకోవడానికి మూడు చోట్లుంటాయి. ఎక్కుడు దారిలో పైన, మామూలు దారిలో లివర్ల మీద. దిగుడు వచ్చినప్పుడు కింది కొమ్ములు పట్టుకుంటే చేతులు వెడల్పుగా ఉంటాయి, బండి రాళ్ల మీద అటూ ఇటూ పోదు. పైగా బ్రేకు, గేరు రెండూ ఒక్క లివర్లోనే. గేరు మార్చడానికి చెయ్యి తీయాల్సిన పనిలేదు.

రెండు రోజులు ఆ బండి నా గదిలో ఉంది. అంత ఇష్టంగా ఏ పనీ చేయలేదు. లివరు విప్పి చూస్తే లోపల గడియారం లోపలిలా ఉంది. పెద్ద రేకు బ్రేకు, దాని వెనక దాక్కున్న చిన్న రేకు గేరు. తీగలు హ్యాండిల్ వెంబడి పోనిచ్చి, పైన టేపు ఒక్క ముడత లేకుండా చుట్టాను.

ఇక దారం. మా దుకాణంలో ఏ హ్యాండిల్ బిగించినా చివర్న దారానికి నట్టు కట్టి ముందు వేలాడదీస్తారు. రెండు లివర్లూ ఆ దారంతో సమానంగా నిటారుగా కనపడాలి. తాత నాటి పద్ధతి. పాల బండి అయినా, పేపర్ బండి అయినా దారం పెట్టకుండా మా గడప దాటదు. నేనూ పెట్టాను. లివర్లు రెండూ వంకరగా కనపడ్డాయి. పాదాలు ఎడంగా వేసి నిలబడ్డ మనిషిలా, వాటి కొసలు బయటికి చూస్తున్నాయి.

పెట్టెలో ఒక కాగితం ఉంది. అందులో బొమ్మ ఉంది. ఆ బొమ్మలో కూడా లివర్లు హ్యాండిల్ వంపుతోపాటే బయటికి వాలి ఉన్నాయి. కనపడ్డ ప్రతి కాగితం చదివేదాన్ని, ఆ కాగితం కూడా చదివాను. చదివి, బొమ్మ సరిగ్గా గీయలేదనుకున్నాను.

లివర్లని హ్యాండిల్‌కి బిగించే పట్టీలు వదులు చేసి రెండింటినీ లోపలికి తిప్పాను. కొసలు దారానికి సమానంగా వచ్చాయి. అబ్బా వచ్చి ముందు నిలబడి ఒక కన్ను మూసి చూశాడు.

"ఆఁ. ఇప్పుడు సీదా ఉన్నది."

ఆయన దాన్ని తారు రోడ్డు మీద గోదావరి బ్రిడ్జి దాకా తొక్కి వచ్చాడు, పైపట్టు పట్టుకుని. "మక్ఖన్ లెక్క పోతున్నది" అన్నాడు. డాక్టరమ్మ తీసుకెళ్లిపోయింది.

పది రోజులకి దవాఖానా జీపులో సైకిల్ వెనక్కి వచ్చింది. ఆమె గడ్డం మీద పట్టీ, ఎడమ మణికట్టుకి కట్టు.

"అయ్యో, ఏమైంది మేడమ్?"

"ఏమైతది, వాగులకు దిగుతుంటే బ్రేకు అనుకొని గేరు వత్తిన. బండి ఆగలె, ఇంకింత ఉరికింది. గూడెం ఆడోళ్లొచ్చి లేపిన్రు. నేను వాళ్లకు కుట్లెయ్యాల్నా, వాళ్లు నాకు కుట్లెయ్యాల్నా అని ఒక్కటే నవ్వుడు."

"అలవాటు లేక మేడమ్. కొత్తల గట్లనే ఉంటది."

"అలవాటు గాదు ఉస్తాద్, నాకు రాదు గిది. చెయ్యి కిందికి పోయిందంటే బుగులైతున్నది. పాత హ్యాండిలే పెట్టియ్యి, ఎవరికన్న ఇచ్చేస్త. జీపు యాడిదాక పోతే నేను గాడిదాకనే."

"మరి వాగవతలోళ్లు?"

ఆమె మణికట్టు మీది కట్టు సర్దుకుంది. "వాళ్లే రావాలె ఇంక" అంది.

పరదా వెనక నేను నిలబడి ఉన్నాను. అబ్బా బండిని లోపలికి తెచ్చి పెట్టి వెళ్లాడు. లివర్ల మూతులు గీసుకుపోయి, టేపు ఒకచోట చిరిగి, చిరుగులో ఎర్రమట్టి ఉంది. నేను వంగి కింది కొమ్ములు పట్టుకున్నాను. అప్పటిదాకా ఒక్కసారి కూడా అలా పట్టుకుని చూడలేదు. విచ్చుకున్న కొమ్ముల వల్ల నా వేళ్లు బయటి వైపు చూస్తున్నాయి. లివర్లేమో నేను తిప్పినందుకు లోపలి వైపు ఉన్నాయి. వేలు చాచితే బ్రేకు రేకు అందలేదు. దాని వెనకున్న గేరు రేకు తగిలింది. టక్ మని శబ్దమైంది. నా చెయ్యి కూడా చిన్నదే, ఆమెదంత.

నిమిషం కూడా పట్టలేదు అర్థం కావడానికి. గదిలో అటూ ఇటూ నడవడానికి చోటు లేదు. చక్రం పక్కన నేల మీద కూర్చున్నాను. పరదాకి అవతల ఒక మనిషి తనకి సైకిల్ రాదని, తనకి భయమని అనుకుంటోంది. అది అబద్ధమని తెలిసింది ఈ భూమ్మీద నాకొక్కదానికే. లేచి పరదా తీసి నాలుగు మాటలు చెబితే చాలు. కానీ ఆ నాలుగు మాటల్లో మొదటి మాట "నేను". నువ్వెవరంటుంది. నువ్వెందుకు బిగించావంటుంది. అప్పుడు అబ్బా చేతుల్లో గుడ్డ ఉన్నా లేకపోయినా ఒకటే.

ఆమె వెళ్లాక దుకాణంలోకి తొంగి చూశాను. "అబ్బా, పాత హ్యాండిల్ ఇప్పుడే ఎయ్యొద్దు. వారం ఆగమని చెప్పు. లివర్లు ఒకసారి చూస్త."

"లివర్లకేమైంది? దారం పెట్టినం కద?"

"పెట్టినం."

"మరి?"

ఆయన ముఖంలోకి చూడలేక టేపు చిరిగిందన్నాను. ఆయన ఫోన్ చేసి వారం అడిగాడు. "మీ ఇష్టం, నేనైతే ఎక్క" అందట ఆమె.

ఈసారి దారం పెట్టలేదు. పట్టీలు వదులు చేసి లివర్లని హ్యాండిల్ వంపు ఎటు పోతే అటు పోనిచ్చాను. ముందు నుంచి చూస్తే మళ్లీ పాదాలు ఎడంగా వేసిన మనిషే. లివరుకి ఒక సన్నటి మర ఉంది. తిప్పితే బ్రేకు రేకు వేళ్లకి దగ్గరగా వస్తుంది. ఎంత తిప్పాలి? పట్టీ ఎక్కడ ఆపాలి? స్టాండు మీద నిలబెట్టిన బండి ఇవేవీ చెప్పదు. చేతుల మీద బరువు పడాలి, కింద మట్టి ఉండాలి, బండి పల్లానికి పోతూ ఉండాలి. అబ్బా తొక్కితే తెలియదు. ఆయన వేళ్లు పొడుగు, తారు రోడ్డు దిగడు. కావాల్సింది చిన్న చేతులు. నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా ఈ సందులో సైకిల్ తొక్కాను. ఆ తర్వాత ఎప్పుడూ ఎక్కలేదు. వద్దని ఎవరూ గట్టిగా అనలేదు. ఒకరోజు అమ్మీ, "ఇంక చాలు బేటీ" అంది. అంతే.

శుక్రవారం మధ్యాహ్నం మా వీధిలో మగవాళ్లంతా జుమ్మాకి పోతారు. దుకాణాలు సగం షట్టర్లు దించి ఉంటాయి. అమ్మీ పక్క వీధిలో ఖురాన్ చదివే ఇంటికి వెళుతుంది. నాకు ఒక గంట కూడా ఉండదు. బురఖా వేసుకుని, అంచు చైనులో పడకుండా ట్యూబు కత్తిరించిన రబ్బరు ముక్కలతో రెండు కాళ్లకీ బిగించాను. ముఖం కప్పుకున్నాను. సందు తలుపు తీసి బండిని బయటికి నెట్టాను.

సందు చివర కరకట్ట. దాని పక్కగా మట్టి బాట, కంకర తేలి, కిందికి గోదావరి వైపు దిగుతుంది. మొదటిసారి దిగినప్పుడు చేతులు కింద పెట్టలేకపోయాను, కాళ్లు నేలకి రాసుకుంటూ పోయాను. రెండోసారి కింది కొమ్ములు పట్టుకున్నాను. లివరు ఇప్పుడు మరీ బయటికి ఉంది, చిటికెన వేలు పట్టు జారింది. ఆగి, జేబులోని అలెన్ కీతో పట్టీ ఒక వెంట్రుకవాసి లోపలికి తిప్పాను. మరను రెండు చుట్లు తిప్పాను. మళ్లీ బండి నెట్టుకుంటూ పైకి. పైకి వచ్చిన ప్రతిసారీ మొదట చూసింది వీధి మలుపుని. టోపీలు కనపడుతున్నాయా అని.

కింద బట్టలు ఉతుక్కుంటున్న ఒకామె నడుము నిలబెట్టి అరిచింది. "ఓ పిల్లా, సర్కస్‌ల చేరినవా ఏంది? ఎక్కుతున్నవ్, దిగుతున్నవ్!"

తల వంచుకుని బండి పైకి నెట్టాను. ముఖం కనపడదు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

నాలుగోసారి దిగినప్పుడు కుదిరింది. చేతులు రెండూ ఎడంగా, ఛాతీ కిందికి, రాళ్లు చక్రం కింద నలుగుతున్నా హ్యాండిల్ నా పట్టులోనే ఉంది. చూపుడు వేలు చాచితే బ్రేకు అక్కడే ఉంది, వెతుక్కోకుండా. రెండు వేళ్లు నొక్కాను. బండి బుద్ధిగా ఆగింది. గోదావరి నీళ్లు చాలా దగ్గరగా ఉన్నాయి. ఒక నిమిషం ఆగి చూద్దామనుకున్నాను. అప్పుడే మసీదు మైకులో నమాజు ముగిసే సలాం వినపడింది. నెట్టుకుంటూ పరిగెత్తాను. గదిలోకి వచ్చి తలుపు గొళ్లెం పెట్టాక, తడిగుడ్డతో టైర్ల మట్టి తుడిచాను. ప్రతి గాడిలోనూ తుడిచాను, దొంగతనం చేసినట్టు. ఆ రోజు డైరీలో "ఈ రోజు పనేమీ లేదు" అని ఉంది.

డాక్టరమ్మ సోమవారం వచ్చింది. ఎక్కనంటే ఎక్కనంది. అబ్బా బతిమాలాడు, "ఒక్కసారి మేడమ్, గా సందులనే. నచ్చకపోతే పాతది పది నిమిషాల్ల ఏసిస్త." బండి ఆమె ఎక్కేదాకా ఎవరైనా పట్టుకోవాలి, ఆమె మణికట్టు ఇంకా నొప్పి. అబ్బా లోపలికి చూసి, "బేటా, జర ఇట్ల రా" అని పిలిచాడు. ఒక గిరాకీ ముందుకి నేను రావడం అదే మొదలు. తల వంచుకుని సీటు పట్టుకున్నాను.

ఆమె కరకట్ట పక్క బాట దిగింది. సందు చివర నిలబడి చూశాం. మొదట పైపట్టు. తర్వాత చేతులు కిందికి వెళ్లాయి. బండి నీళ్ల దాకా పోయి, నిలబడింది. మళ్లీ ఎక్కి వచ్చినప్పుడు ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది.

"ఏం జేసినవ్ ఉస్తాద్ దీన్ని? బండే మారింది!"

అబ్బా నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఏం మారిందో ఆయనకి తెలియదు. నాకు తెలుసని మాత్రం ఆయనకి తెలుసు.

"ఏం లేదు మేడమ్. కొద్దిగ బిగిచ్చిన, గంతే."

"అంటే బండి ముందునుంచి మంచిగనే ఉండె. నేనే బుగులువడి పడ్డ."

నోరు తెరిచాను. మాట నాలుక మీదికి వచ్చింది. కాదండీ, లివర్లు తప్పుగా పెట్టారు, మీ తప్పు కాదు. ఎవరు పెట్టారో చెప్పకుండా ఆ వాక్యం ఎలా ముగించాలో వెతుకుతూ ఉన్నాను. అబ్బా గుడ్డతో వేళ్లు తుడుచుకుంటున్నాడు, తుడవాల్సింది ఏమీ లేకపోయినా. నోరు మూసుకున్నాను. ఆమె ఆ మాట నమ్మి, తనని తనే ఎగతాళి చేసుకుని నవ్వింది. ఎల్లుండి వాగు దాటి గూడేనికి పోతానంది. అది వినగానే నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం కూడా గొంతు దాటి రాలేదు.

వానలు పడ్డాక ఆమెకి ఎక్కడికో బదిలీ అయిందని విన్నాం. నేను మళ్లీ చూడలేదు. కాబట్టి ఆ సోమవారం జరిగిందే ఆఖరు.

ఆ సోమవారమే, ఆమె బయల్దేరేముందు, అబ్బా సంబరంగా ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. గిరాకీలకి చాయ్ ఎప్పుడూ ట్రే మీదే పెడతాడు, చేతికి ఇవ్వడు. ఆ రోజు నేను సైకిల్ పట్టుకుని ఉన్నాను, ట్రే లోపలుంది, ఆయన ఆనందంలో ఉన్నాడు. గ్లాసు తీసి తనే అందించాడు. చాయ్ అంచు దాటి ఆయన వేళ్ల మీదా, ఆమె కట్టు మీదా ఒలికింది. ఆమె గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. డాక్టర్లు పట్టుకున్నట్టు ఆయన మణికట్టు పట్టుకుని, చెయ్యి చాపమంది. వేళ్లని చూసింది. తర్వాత హ్యాండిల్ వైపు చూసింది, లివరు కింది సన్నటి మర వైపు, ముడత లేని టేపు వైపు. అబ్బా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె ఆయన్ని ఏమీ అడగలేదు. బండి నా చేతుల్లోంచి తీసుకుంటూ, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది:

"ఎప్పటిసంది వణుకుతున్నయ్ చెల్లె, మీ నాయిన చేతులు?"